మారిన గేరు బాక్సు – మోసే అడ్డపట్టె

— బి.యస్సీ. (యం.పి.సి.), మూడవ సంవత్సరం

లారీ అనగానే అందరికీ ముందుగా ఇంజను గుర్తుకొస్తుంది. ఎన్ని గుర్రాల బలం, ఎన్ని కిలోమీటర్లిస్తుంది అని అడుగుతారు. గేరు బాక్సు సంగతి గేరు పడనప్పుడు గానీ తలచుకోరు. ఇక ఆ గేరు బాక్సును కిందనుంచి మోసే ఇనుప అడ్డపట్టె ఒకటుందని చాలామంది బండి యజమానులకే తెలియదు. వర్క్‌షాపుల్లో దానిని క్రాస్ మెంబరు అంటారు. రెండు చివర్లా రెండేసి బోల్టులు, మధ్యలో ఒక రబ్బరు దిమ్మ, అంతే దాని ఆకారం. పైకి చూస్తే అందులో చదువుకోవలసినదేమీ లేదనిపిస్తుంది.

కానీ బండికి పుట్టుకతో వచ్చిన గేరు బాక్సు తీసేసి వేరే రకం గేరు బాక్సు పెట్టినప్పుడు ఆ పాత పట్టె పనికిరాదు. కొలతలు తీసి కొత్తది చేయించుకోవలసిందే. అప్పుడు తెలుస్తుంది దాని విలువ. ఆ పట్టె చేసే పనులు రెండు. ఒకటి బరువు మోయడం. ఇది అందరికీ తెలుసు. రెండవది, గేరు బాక్సు ఏ వాలులో కూర్చోవాలో నిర్ణయించడం. ఇది చాలామంది మరచిపోయేది. బండి వణకడం, జాయింట్లు అరగడం, ఒక్కోసారి ప్రాణాలమీదికి రావడం, ఇవన్నీ ఆ రెండవ పని చెడినప్పుడే జరుగుతాయి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే. ఇందులో వాడిన లెక్కలన్నీ మనం ఫస్టియర్‌లోనూ సెకండియర్‌లోనూ చదువుకున్నవే.

శక్తి నడిచే దారి

ముందు బండి కింద ఏముందో ఒకసారి చూద్దాం. లారీ గానీ, జీపు గానీ, పికప్ బండి గానీ, దాని చాసీ పడుకోబెట్టిన నిచ్చెనలాంటిది. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటి మధ్య మెట్లలాగా అడ్డపట్టెలు. ముందువైపు ఇంజను రెండు పక్కలా రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. ఇంజను వెనుక క్లచ్చి, దాన్ని కప్పి ఉంచే గంట ఆకారపు డొప్ప, దాని వెనుక గేరు బాక్సు. ఇవన్నీ ఒకదానికొకటి బోల్టులతో బిగిసి ఒకే ముద్దలాగా ఉంటాయి. పికప్‌లలోనూ జీపుల్లోనూ ఈ ముద్ద తోకభాగం ఒక అడ్డపట్టె మీద ఆనుతుంది. అంటే మొత్తం మూడు చోట్ల ఆధారం, ముక్కాలి పీటలాగా. ఇంజను ఇటూ అటూ మెలితిరగకుండా ముందున్న రెండు దిమ్మలు ఆపుతాయి. తోక ఎంత ఎత్తులో ఉండాలో వెనుకనున్న ఒక్కటి చెబుతుంది.

గేరు బాక్సు నుంచి వెనుక ఇరుసు దాకా ఒక పొడవాటి గొట్టం తిరుగుతూ శక్తిని తీసుకుపోతుంది. అదే ప్రొపెల్లర్ షాఫ్టు. దానికి రెండు చివర్లా రెండు జాయింట్లు. గోతిలో పడినప్పుడల్లా ఇరుసు కమాన్ కట్టల మీద పైకీ కిందకీ ఊగుతుంది గనుక ఈ షాఫ్టు నిటారుగా బిగిసి ఉండటానికి వీల్లేదు. వంగుతూ తిరగాలి. ఆ వంగుతూ తిరిగే సదుపాయం ఇచ్చేవే ఈ జాయింట్లు.

గేరు బాక్సు ఎందుకు మారుస్తారు?

ఇలా మార్చుకోవడం ఎక్కువగా అలవాటున్న దేశం అమెరికా. అక్కడ ట్రక్కు అంటే మన లారీ కాదు, వెనుక తొట్టి ఉన్న పికప్. రైతు ఇంటి బండి. గడ్డి మోపులూ దాణా బస్తాలూ అందులోనే, సంతకు పోయేదీ అందులోనే. అక్కడ బాగా వాడుకలో ఉన్న ఒక మార్పిడినే ఉదాహరణగా తీసుకుంటాను. దాని కొలతలు అందరికీ తెలిసినవి గనుక లెక్క వేయడం తేలిక.

1970లలోని షెవర్లె సి-10 పికప్‌లలో టర్బో హైడ్రామాటిక్ 350 అనే గేరు బాక్సు ఉండేది. గేర్లు తనంతట తానే మార్చుకునే రకం. గేర్లు మూడు: 2.52, 1.52, 1.00. అంటే మొదటి గేరులో ఇంజను 2.52 చుట్లు తిరిగితే షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. మూడవ గేరులో చుట్టుకు చుట్టు. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు పొదుపు అవసరమైంది. 1982లో అదే కంపెనీ 700-ఆర్4 అనే నాలుగు గేర్ల బాక్సు తెచ్చింది. దీని నిష్పత్తులు 3.06, 1.63, 1.00, 0.70. ఆ నాలుగవ గేరే ఓవర్‌డ్రైవ్. అందులో ఇంజను 0.70 చుట్టు తిరిగితేనే షాఫ్టు ఒక చుట్టు పూర్తిచేస్తుంది.

దీనివల్ల లాభమెంతో లెక్కవేద్దాం. టైరు వ్యాసం 71 సెంటీమీటర్లు, ఇరుసులోని క్రౌను నిష్పత్తి 3.73 అనుకుందాం. బండి గంటకు 96 కిలోమీటర్ల వేగంతో, అంటే నిమిషానికి 1,600 మీటర్లు పోతోంది. టైరు చుట్టుకొలత 2.23 మీటర్లు కాబట్టి చక్రం నిమిషానికి 717 చుట్లు, షాఫ్టు సుమారు 2,680 చుట్లు తిరగాలి. పాత గేరు బాక్సుతో ఇంజనూ అన్నే చుట్లు తిరగాలి. కొత్తదానితో సుమారు 1,880 చాలు. పైగా మొదటి గేరు 2.52 నుంచి 3.06 అయింది గనుక బరువుతో కదిలేటప్పుడు లాగుడు నూటికి 21 వంతులు పెరిగింది. బరువు లాగడానికీ మేలే, దూరం పోవడానికీ మేలే. రైతుకు ఇంకేం కావాలి?

రెండూ ఒకే కంపెనీవి గనుక ఇంజను వెనుక బోల్టులు సరిగ్గా కూర్చుంటాయి. చిక్కు వెనుకవైపు వస్తుంది. పొట్టి తోక ఉన్న పాత గేరు బాక్సు పొడవు సుమారు 70.3 సెంటీమీటర్లు. కొత్తదానిది సుమారు 78.1. అంటే షాఫ్టు 7.8 సెంటీమీటర్లు పొట్టి చేయించాలి. అడ్డపట్టె మీద కూర్చునే చోటు 51.8 నుంచి 57.2 సెంటీమీటర్లకు పోయింది. అంటే అడ్డపట్టె 5.4 సెంటీమీటర్లు వెనక్కి జరగాలి. ఆ జరగవలసిన చోట చాసీ దూలానికి రంధ్రాలు ఉంటాయన్న నమ్మకం లేదు. దూలాల మధ్య వెడల్పు మారవచ్చు. సైలెన్సరు గొట్టం అడ్డు రావచ్చు. అందుకే కొత్త పట్టె చేయించుకోవడం.

కోణం – అసలు కథ ఇక్కడే

కొలతలు సరిపోయాయి, బోల్టులు బిగిశాయి, పని అయిపోయిందనుకుంటారు చాలామంది. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

షాఫ్టు చివర ఉండే జాయింటును మనవాళ్ళు యూనివర్సల్ జాయింటు అంటారు. పుస్తకాల్లో హుక్స్ జాయింటు. స్ప్రింగు సూత్రం చెప్పిన రాబర్ట్ హుక్కే 17వ శతాబ్దంలో దీనిని వివరించాడు. అంతకు ముందు శతాబ్దపు ఇటలీ గణితవేత్త కార్డానో పేరుమీద యూరపులో కార్డన్ జాయింటు అంటారు. రెండు పంగల కర్రలు ఎదురెదురుగా పెట్టి మధ్యలో కూడిక గుర్తులాంటి ఉక్కు ముక్క బిగిస్తే అదే ఈ జాయింటు.

దీనిలో ఒక గమ్మత్తు ఉంది. రెండు షాఫ్టులూ తిన్నగా ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. కొంచెం వంగి తిరిగితే, ముందు షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతున్నా వెనుక షాఫ్టు అలా తిరగదు. ఒక్కొక్క చుట్టులో రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు వెనకాడుతుంది. వంపు కోణం బీటా అనుకుంటే, వెనుక షాఫ్టు అత్యధిక కోణీయ వేగం ముందుదాని వేగాన్ని కాస్ బీటాతో భాగించినంత. అత్యల్ప వేగం కాస్ బీటాతో గుణించినంత. మూడు డిగ్రీల వంపులో 2,000 చుట్ల వేగం 1,997కూ 2,003కూ మధ్య ఊగుతుంది. అది లెక్కలోది కాదు. అదే పది డిగ్రీల వంపులో 1,970కీ 2,031కీ మధ్య ఊగుతుంది. ఈ ఊగుడు చుట్టుకు రెండుసార్లు, అంటే నిమిషానికి 4,000 సార్లు. తిరుగుతున్న ఉక్కు గొట్టాన్ని నిమిషానికి నాలుగు వేలసార్లు లాగి వదిలినట్లు. ఆ దెబ్బ జాయింటులోని సూది బేరింగులకూ, ఇరుసులోని పళ్ళకూ, గేరు బాక్సు తోకకూ తగులుతుంది.

మరి బండ్లన్నీ ఇలా ఎందుకు వణకవు? రెండవ జాయింటు ఉంది గనుక. మొదటి జాయింటు తెచ్చిన ఊగుడును రెండవది సరిగ్గా చెరిపేస్తుంది, రెండు షరతుల మీద. మొదటిది, షాఫ్టు రెండు చివర్ల పంగలూ ఒకే తలంలో ఉండాలి. రెండవది, రెండు జాయింట్ల వంపులూ సమానంగా ఉండాలి. అంటే గేరు బాక్సు అక్షమూ, ఇరుసు ముక్కు అక్షమూ సమాంతరంగా ఉండాలి. మధ్య షాఫ్టు వాలుగా ఉన్నా ఫర్వాలేదు. ఈ రెండూ ఒకదానికొకటి సమాంతరమైతే చాలు.

ఈ రెండవ షరతును నిలబెట్టేది ఎవరు? మన అడ్డపట్టే! తోక ఎత్తు మారితే గేరు బాక్సు అక్షం వాలు మారుతుంది. సమాంతరం పోతుంది.

ఉదాహరణకు ఇంజనూ గేరు బాక్సూ కలిసి వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉన్నాయి. షాఫ్టు 5 డిగ్రీలు వాలింది. ఇరుసు ముక్కు అక్షం కూడా 3 డిగ్రీల వాలులోనే ఉంది. అప్పుడు రెండు జాయింట్ల వంపులూ 5 లో 3 పోగా 2 డిగ్రీలు. సమానం. అంతా బాగుంది. ఇప్పుడు కొత్త పట్టె చేసినవాడు కింద సైలెన్సరు తగులుతోందని తోకను మూడున్నర సెంటీమీటర్లు పైకి లేపాడనుకోండి. ఇంజను దిమ్మల నుంచి తోక దిమ్మ దాకా దూరం ఒక మీటరు, షాఫ్టు పొడవు 1.4 మీటర్లు అనుకుందాం. గేరు బాక్సు వాలు 1 డిగ్రీకి తగ్గింది. షాఫ్టు వాలు 6.4కు పెరిగింది. ముందు జాయింటు వంపు 5.4 డిగ్రీలు, వెనుకది 3.4. ఒకటి తెచ్చినదాన్ని రెండవది పూర్తిగా చెరపలేకపోయింది. మిగిలినదెంత? రెండు కోణాల వర్గాల తేడాకు వర్గమూలం తీస్తే 4.2 డిగ్రీలు. అంటే ఒకే ఒక జాయింటు 4.2 డిగ్రీల వంకరలో తిరిగితే ఎంత కుదుపు ఉంటుందో అంత కుదుపు ఇరుసుకు చేరుతుందన్నమాట. ఇది 3 డిగ్రీలు దాటకూడదని ఈ పని తెలిసినవారు పెట్టుకున్న హద్దు. మూడున్నర సెంటీమీటర్లే. అంత చిన్న తేడాతో హద్దు దాటిపోయాం.

గుర్తుంచుకోవడానికి ఒక సూత్రం: ఒక మీటరుకు పదిహేడున్నర మిల్లీమీటర్లు ఎత్తితే ఒక డిగ్రీ. టాన్ 1 డిగ్రీ విలువ 0.0175 గనుక.

వంపు అసలే లేకుండా చేస్తే మంచిది కదా అని అడగవచ్చు. అదీ మంచిది కాదు. వంపు సున్నా అయితే జాయింటులోని సూదులు కదలక ఒకేచోట నొక్కుకుని గుంటలు పెడతాయి. అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ అయినా ఉండాలి. ఎడ్లబండి ఇరుసుకు కందెన తిరుగుతూ ఉంటేనే పట్టినట్లు, ఇదీ కొంచెం ఆడుతూ ఉంటేనే బతుకుతుంది.

మా వైపు జీపు సంగతి

ఇది అమెరికా ముచ్చట మాత్రమే కాదు. మా పల్నాడు వైపు మిరప కోతలకు కూలీలను తీసుకుపోయే పాత జీపులు ఉంటాయి. అలాంటి జీపొకదానికి మూడు గేర్ల బాక్సు తీసి నాలుగు గేర్లది పెట్టించారు. పట్టణంలో ఒక వర్క్‌షాపులో ఆ పని చేశారు. 2022 కోతల కాలంలో అది నలభై వేగం దాటితే చాలు గుర్రుమని వణికేది. ఆరు నెలల్లో రెండుసార్లు ముందు జాయింటు పోయింది. పోయినప్పుడల్లా కొత్తది వేసి పంపేవారు. ఎందుకు పోతోందని అడిగినవారు లేరు.

ఆ బండి మా ఊరి మెకానిక్ మేస్త్రి దగ్గరికి వచ్చింది. ఆయన చదివింది ఏడవ తరగతి. బండి కిందికి దూరి, గేరు బాక్సు చదునైన ముఖం మీద కోణమానినీ దారానికి కట్టిన గుండునూ పెట్టి చూశాడు. తర్వాత ఇరుసు ముక్కు దగ్గర చూశాడు. ఒకచోట 6 డిగ్రీలు, ఒకచోట 4. బయటికి వచ్చి నన్ను చూసి, “ఏం అబ్బాయ్, కాలేజీలో లెక్కలేగా చదివేది? ఇంజను దిమ్మ కాణ్ణించి తోక దిమ్మకి తొంభై సెంటీమీటర్లుంది. రెండు డిగ్రీలు లేపాలి. ఎంత దిమ్మ పెట్టమంటావు?” అన్నాడు. టాన్ 2 డిగ్రీలు 0.035, దానిని 900 మిల్లీమీటర్లతో గుణిస్తే ముప్పై ఒకటిన్నర. “అంగుళంపావు చాలు మేస్త్రిగారూ” అన్నాను. ఆయన నవ్వి, అప్పటికే కోసి పెట్టుకున్న ఉక్కు దిమ్మ చూపించాడు. అదీ అంగుళంపావే. “ముప్పై ఏళ్ళుగా చేతికి తెలిసిన లెక్క ఇది. నీ పుస్తకం కూడా అదే చెప్పిందిగా, ఇక దిగులు లేదు” అన్నాడు. దిమ్మ పెట్టి, పొడుగు బోల్టులు వేశాక ఆ జీపు అరవై వేగంలో కూడా వణకలేదు.

ఇందులో పణంగా ఉన్నది జాయింటు ఖరీదు కాదు. ముందు జాయింటు పరుగులో విరిగితే షాఫ్టు ముందు కొస కిందపడి రోడ్డుకు గుచ్చుకుంటుంది. వెనుక కొస ఇరుసుకు బిగిసి ఉంటుంది. అప్పుడు షాఫ్టు గడకర్రలాగా పనిచేసి బండి వెనుకభాగాన్ని ఎత్తి పడేయగలదు. పైన తెల్లవారుజామున సద్దిమూటలు పట్టుకుని బయలుదేరిన కూలి తల్లులు ఉంటారు. అందుకే షాఫ్టు ముందు జాయింటు వెనుకగా ఒక ఇనుప కడియం చాసీకి బిగించడం మంచిది. జాయింటు విరిగినా షాఫ్టు ఆ కడియంలో పడుతుంది, రోడ్డును తాకదు.

వంగని పట్టె – మన ల్యాబు ప్రయోగమే

ఇక మొదటి పని, బరువు మోయడం. ఫిజిక్స్ ల్యాబులో యంగ్ గుణకం కనుక్కునే ప్రయోగం అందరం చేశాం. మీటరు బద్దను రెండు కత్తిఅంచుల మీద పెట్టి, మధ్యలో బరువులు వేలాడదీసి, ఎంత వంగిందో సూక్ష్మదర్శినితో చూస్తాం. రికార్డు రాసి సంతకం పెట్టించుకోగానే మరచిపోతాం. ఆ మీటరు బద్దే మన అడ్డపట్టె. ఆ కత్తిఅంచులే చాసీ దూలాలు. మధ్యలో వేలాడే బరువే గేరు బాక్సు.

ఆ ప్రయోగపు సూత్రం ప్రకారం వంపు, బరువును పొడవు ఘనంతో గుణించి, వెడల్పు, మందం ఘనం, యంగ్ గుణకాల లబ్ధానికి నాలుగు రెట్లతో భాగిస్తే వస్తుంది. ఇందులో కీలకం మందం ఘనం. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు పట్టీ తీసుకుందాం. ఆధారాల మధ్య దూరం 80 సెంటీమీటర్లు, మధ్యలో 100 కిలోల బరువు. పట్టీని పడుకోబెట్టి పెడితే వంపు పన్నెండున్నర మిల్లీమీటర్లు. అదే పట్టీని అంచుమీద నిలబెట్టి పెడితే అర మిల్లీమీటరు. అదే ఇనుము, అదే ఖరీదు, వంపు మాత్రం ఇరవై అయిదో వంతు!

పన్నెండున్నర మిల్లీమీటర్లు కిందికి జారిందంటే పైన చెప్పిన సూత్రం ప్రకారం ముప్పాతిక డిగ్రీ దాకా వాలు మారినట్లే. మనం కష్టపడి సరిచేసిన కోణం అక్కడే పోయింది. అంతేకాదు, పడుకోబెట్టిన పట్టీలో ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు 235 న్యూటన్లు అవుతుంది. మామూలు ఉక్కు సుమారు 250 దగ్గర శాశ్వతంగా వంగిపోతుంది. ఒక్క గోతిలో దబ్బున పడితే బరువు రెండింతలై పట్టీ వంగి ఊరుకుంటుంది. నిలబెట్టినదానిలో ప్రతిబలం 47 న్యూటన్లే. అందుకే అడ్డపట్టెలు చదునుగా కాక ఎత్తుగా, సి-చానలుగానో బాక్సు పైపుతోనో చేస్తారు. సైలెన్సరు కోసం మధ్యలో వంపు తిప్పవలసి వస్తే అక్కడ లోపల అదనపు రేకు వేసి బలపరచాలి.

చాసీ దూలానికి రంధ్రాలు వేయడంలో కూడా ఇదే శాస్త్రం. దూలం వంగినప్పుడు పై అంచు, కింది అంచు ఎక్కువ బలాన్ని మోస్తాయి. నడుమ తటస్థ అక్షం దగ్గర ప్రతిబలం దాదాపు సున్నా. కాబట్టి రంధ్రం వేయవలసి వస్తే దూలం పక్కగోడ నడుమభాగంలో వేయాలి. పై అంచుకూ కింది అంచుకూ డ్రిల్లు తాకించకూడదు, అడ్డంగా వెల్డింగు చేయకూడదు. చేస్తే పగులు అక్కడే పుడుతుంది.

బిగించే క్రమం

1. బండి చదునైన నేల మీద, నాలుగు చక్రాల మీదనే బరువు ఉండేలా నిలపాలి. ఇరుసు గాలిలో వేలాడుతుంటే తీసిన కోణం పనికిరాదు. బండిని ఎత్తి పనిచేయాలంటే స్టాండ్లు ఇరుసుల కింద పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరరాదు.

2. పాత గేరు బాక్సు తీయకముందే మూడు కోణాలూ, గేరు బాక్సుది, షాఫ్టుది, ఇరుసు ముక్కుది కొలిచి కాగితం మీద రాసుకోవాలి. బండి పుట్టినప్పటి కోణాలు మనకు దారి చూపుతాయి.

3. ఇంజను దిమ్మలు చచ్చిపోయి ఉంటే ముందు అవి మార్చాలి. కుంగిన దిమ్మల మీద తీసిన కొలత తప్పుడు కొలత.

4. కొత్త గేరు బాక్సును ఇంజనుకు బిగించి, తోక కింద చెక్కముక్క వేసి జాకీతో ఎత్తుతూ దించుతూ, ఇరుసు ముక్కుతో సమాంతరం వచ్చేదాకా చూడాలి. కమాన్ కట్టలున్న బండిలో బరువు లాగేటప్పుడు ఇరుసు ముక్కు కొంచెం పైకి లేస్తుంది గనుక నిలిచి ఉన్నప్పుడు దానిని ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచుతారు.

5. ఆ ఎత్తులో జాకీని కదపకుండా పట్టెకు కొలతలు తీయాలి. పైన ఫ్లోరు రేకుకూ గేరు బాక్సుకూ మధ్య వేళ్ళు దూరే సందు ఉండాలి.

6. పట్టెను బండి మీద చుక్క వెల్డింగుతో నిలిపి చూసుకుని, పూర్తి వెల్డింగు బయటికి తీసి చేయించాలి. బండి మీద వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ తీగ ఊడదీయాలి, ఇంధనం గొట్టాలు దూరంగా ఉండాలి.

7. పట్టెను చాసీకి వెల్డింగు చేయకుండా బోల్టులతోనే బిగించాలి. రేపు గేరు బాక్సు దించాలంటే అది ఊడి రావాలి. రంధ్రాలు కోలగా చేస్తే ముందుకూ వెనక్కూ కొంచెం సర్దుకోవచ్చు.

8. గేరు బాక్సుకూ పట్టెకూ మధ్య రబ్బరు దిమ్మ తప్పనిసరి. గోతుల్లో చాసీ మెలితిరుగుతుంది. రబ్బరు లేకపోతే ఆ మెలిక నేరుగా అల్యూమినియం తోకకు తగిలి అది పగులుతుంది.

9. షాఫ్టు కోయించేటప్పుడు ముందు కొస గేరు బాక్సు లోపలికి పూర్తిగా తగలకుండా రెండు సెంటీమీటర్ల పైచిలుకు జాగా వదలాలి. కోసి అతికాక రెండు పంగలూ ఒకే తలంలో ఉన్నాయో లేదో చూడాలి. తర్వాత లేతు పనివారి దగ్గర బ్యాలెన్సు చేయించాలి.

10. పైన చెప్పిన 700-ఆర్4 వంటి గేరు బాక్సుకు ఆక్సిలరేటరు నుంచి ఒక తీగ వెళుతుంది. దాని బిగువు సరిగా లేకపోతే లోపలి క్లచ్చిలు కాలిపోతాయి. అది సరిచూడకుండా బండి కదపరాదు.

చివరికి మళ్ళీ కోణాలు కొలవాలి. బోల్టులు బిగించేటప్పుడు కొలత కదలడం మామూలే.

చట్టం సంగతి

మన దేశంలో ఇటువంటి పని తలపెట్టేవారు మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షనును ముందు చదువుకోవాలి. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చరాదని అందులో ఉంది. 2019 సవరణతో వచ్చిన 182-ఎ సెక్షను ప్రకారం అనుమతిలేని మార్పు ఒక్కొక్కదానికి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. రవాణా శాఖ కార్యాలయంలో ముందుగా అడిగి, ఇన్సూరెన్సు వారికి రాతమూలకంగా తెలియజేసి చేయడం తెలివైన పని. పనికి పదివేలు మిగిలిందని సంతోషించి, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం పోగొట్టుకుంటే అది పొదుపు కాదు.

ముగింపు

మన దగ్గర చదువుకున్నవాడికి స్పానరు పట్టడం నామోషీ, స్పానరు పట్టినవాడికి పుస్తకం దూరం. నష్టం రెండువైపులా ఉంది. టాన్ విలువ మనకు వచ్చు, దానిని ఎక్కడ పెట్టాలో తెలియదు. వారికి పెట్టవలసిన చోటు తెలుసు, విలువను చేతి అలవాటు మీద తెచ్చుకుంటారు. అలవాటు తెచ్చుకున్నవాడు మంచి మేస్త్రి అయితే అంగుళంపావు దిమ్మ సరిగ్గా పడుతుంది. కాకపోతే ఆరు నెలలకో జాయింటు పోతుంది, ఎందుకు పోతోందో ఎవరికీ తెలియదు.

పల్లెలనుంచి వచ్చి ఇక్కడ సైన్సు చదువుకుంటున్న మిత్రులకు నాదొక మనవి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక కోణమానిని సంచిలో వేసుకుని వెళ్ళండి. ఊళ్ళో గేరు బాక్సు మార్చిన జీపు గానీ, పికప్ గానీ ఉంటే, ఇంజను ఆపించి, చక్రాల ముందూ వెనుకా రాళ్ళు పెట్టించి, గేరు బాక్సు వాలునూ ఇరుసు ముక్కు వాలునూ కొలవండి. రెండింటికీ తేడా ఒక డిగ్రీ దాటితే బండి యజమానికి చెప్పండి. అయిదు నిమిషాల పని అది, ఖర్చు ఏమీ లేదు. ఆ బండి ఎక్కేవాళ్ళు మనవాళ్ళే.